వలలు ఆరే ఇసుక మీద టూరిజం లెక్కలు

భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని విజయనగరం జిల్లా చింతపల్లి నుంచి శ్రీకాకుళం జిల్లా బారువ దాకా రిసార్టుల మాట మళ్లీ లేచింది. దీవులు చూడాలంటే అండమాన్ ఉంది, గోల్ఫ్ ఆడాలంటే విశాఖ ఉంది. మన రెండు జిల్లాలకు ఉన్నది బీచే. ఆ బీచ్‌లో ఇసుక ఎవరిదన్నదే గొడవ.

తీర నియంత్రణ నిబంధనలు 1991 నుంచీ ఉన్నాయి. ఆ కథంతా వదిలేసి నేరుగా 2019 జనవరికి వద్దాం. అప్పటిదాకా పల్లె తీరాల్లో పోటు గీత (పోటు వేళ నీళ్లు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల వరకు రిసార్టులకు చోటు లేదు. చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న పల్లెల్లో ఆ మేరను 50 మీటర్లకు కుదించవచ్చని కొత్త నోటిఫికేషన్ చెప్పింది. అందరూ ఆ 50 దగ్గరే ఆగిపోయారు. అసలు మెలిక వేరే చోట ఉంది. కట్టడాలు కూడదన్న మేరలోనే, పోటు గీతకు 10 మీటర్లు వదిలితే చాలు, పర్యాటకుల కోసం తాత్కాలిక షెడ్లు, బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు వేసుకోవచ్చు.

ఒడ్డు నుంచి పెద్దవల లాగేవాళ్లు కాళ్లు తన్నిపెట్టి నిలబడేది ఆ ఇసుకలోనే. నెత్తళ్లు, కవళ్ల లాంటి చేపలు ఎండేదీ అక్కడే. చెప్పుకోదగ్గ హార్బర్ లేని శ్రీకాకుళం తీరంలో వేట నుంచి వచ్చిన బోటును ఒడ్డెక్కించాలన్నా అదే దిక్కు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మోటారు బోట్లన్నీ ఆ 61 రోజులూ ఇసుక మీదే ఉంటాయి, సెలవుల్లో టూరిస్టులు వచ్చేదీ అప్పుడే. ఆ ఇసుకకు మత్స్యకారుల దగ్గర పట్టా ఉండదు, తాతల నాటి వాడకం తప్ప. షెడ్డు వేసేవాడి చేతిలో మాత్రం అనుమతి కాగితం ఉంటుంది.

ఇక్కడ గిట్టుబాటు కాకే మనవాళ్లు వేటకు గుజరాత్‌లోని వేరావల్ పోతున్నారు. అలా పోయి 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. ఉన్న ఒడ్డు కూడా ఇరుకైతే ఇంకెంతమంది రైలెక్కాలి?

షెడ్లు తాత్కాలికమే, స్థానికులకు పని దొరుకుతుందన్నది టూరిజం వైపు మాట. కాదనలేం, బీచ్‌లో టీకొట్టుకు నాలుగు డబ్బులొస్తాయి. కానీ థర్మల్ ప్లాంటు కోసం సోంపేట బీలను (చిత్తడి నేలలను) కూడా ఒకప్పుడు పనికిరాని భూమి అన్నారు, జనం ఎదురుతిరిగారు. 2010 జూలై 14న అది కాల్పుల దాకా పోయింది, ప్లాంటు పర్యావరణ అనుమతి కూడా అదే రోజు రద్దయింది.

మత్స్యకారుల ఉమ్మడి స్థలాలను, చేపలు ఎండబెట్టే చోట్లను తీర మ్యాపుల్లో చూపాలని 2011 నోటిఫికేషనే చెప్పింది. రిసార్టు టెండర్లు పిలిచే ముందు ఆ మ్యాపుల్లో ఏ పల్లె ఇసుక ఉందో, ఏది లేదో పల్లెల్లోనే కూర్చుని తేల్చాలి.