చెమట చుక్క కింద

డ్యూటీలో నడుముకు పిస్టల్ కట్టుకుని తిరిగే ఒక పాఠకుడు అడిగారు: "వానలో తడిస్తే ఆ రాత్రే విప్పి తుడిచి నూనె రాస్తాను, దానికేమీ కాలేదు. చినుకు పడని ఉక్కపోత రోజుల్లో మాత్రం స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు భాగం) మీద, ఒంటికి ఆనుకునే వైపే ఎర్రటి మచ్చలు తేలాయి. ఎందుకని?"

వాననీటిలో ఉప్పు దాదాపు ఉండదు, చెమటలో ఉంటుంది. జవాబు ఇంతే. కానీ ఇక్కడితో ఆపాలంటే నాకు మనసొప్పదు. బడిలో మేకుల్ని గాజు గొట్టాల్లో వేసి, గాలీ నీరూ రెండూ ఉంటేనే తుప్పు పడుతుందని చెప్పి పాఠం ముగిస్తారు. అసలు తమాషా మొదలయ్యేది అక్కడే.

1920లలో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే రసాయనవేత్త నున్నగా తోమిన ఉక్కు మీద ఉప్పునీటి చుక్క ఒకటి పెట్టి చూశాడు. నీటిలో ముందే రెండు రంగు మందులు కలిపాడు: ఇనుము కరిగిన చోట నీలం, క్షారం పుట్టిన చోట గులాబీ. కాసేపటికి చుక్క నడుమ నీలం, అంచు చుట్టూ గులాబీ తేలాయి.

అంచు దగ్గర నీటి పొర పల్చన, గాలిలోని ఆక్సిజన్ చప్పున అడుగుకు చేరుతుంది. నడుమ లోతెక్కువ కాబట్టి అక్కడ ఆక్సిజన్‌కు కరువు. ఆ తేడా చాలు, చుక్క ఒక బుల్లి బ్యాటరీ అయిపోతుంది. నడుమ ఇనుము అయాన్లుగా కరుగుతుంది. అది వదిలిన ఎలక్ట్రాన్లు ఉక్కులోంచే అంచుకు పరుగెత్తి, అక్కడి ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి హైడ్రాక్సైడ్ అవుతాయి. నడుమ నుంచి ఇనుప అయాన్లు, అంచు నుంచి హైడ్రాక్సైడ్ అయాన్లు ఎదురెదురుగా వచ్చి దారిలో కలుస్తాయి. అక్కడ ఉంగరంలా తుప్పు పేరుకుంటుంది. అంటే తుప్పు కనిపించే చోటు ఒకటి, లోహం తరిగే చోటు ఇంకొకటి! ఉంగరాన్ని గీకేసి హమ్మయ్య అనుకుంటాం, గుంట మాత్రం నడుమ ఉంటుంది.

ఈ బ్యాటరీలో ఉప్పు పని ఏమిటి? వట్టి నీటిలో అయాన్లు తక్కువ కాబట్టి కరెంటు నత్తనడక నడుస్తుంది. ఉప్పు కలిస్తే దారి తెరుచుకుంటుంది. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఉక్కు మీది రక్షణ పొరను పొడుస్తుంది. "స్టెయిన్‌లెస్‌కు తుప్పు పట్టదు" అన్నది చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం. దాన్ని కాపాడేది కొన్ని నానోమీటర్ల క్రోమియం ఆక్సైడ్ పొర, క్లోరైడ్ సూదులు దిగేది దానిలోకే. తుపాకి ఉక్కుకు ఇచ్చే నల్లటి పూత, బ్లూయింగ్, అయితే మరీ నాజూకు. అదీ ఒక ఐరన్ ఆక్సైడే, ఒంటి నిండా రంధ్రాలు. దాని బలమంతా అది పీల్చి పట్టుకున్న నూనెదే.

ఉప్పు చేసే ఇంకో పని ఉంది, నాకు మహా ఇష్టమైనది. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ గాలిలోంచి నీరు లాక్కుని తనే కరిగిపోతుంది. నిన్న ఆరిన చెమట మరక ఇవాళ, చినుకు లేకుండానే, మళ్లీ ఎవాన్స్ చుక్క అవుతుంది. పాఠకుడి ఉక్కపోత రహస్యం ఇదే.

ఇప్పుడు చుక్కను పెద్దది చేసి చూడండి. తడిసిన తోలు హోల్‌స్టర్‌కూ (పిస్టల్ ఒరకూ) స్లైడ్‌కూ మధ్య చిక్కిన నీటి పొర కూడా ఎవాన్స్ చుక్కే. గాలి తగిలేది అంచులకు, అందక ఊపిరాడనిది లోపలి భాగం. గ్రిప్ పలకల కిందా, మ్యాగజైన్ స్ప్రింగు మెలికల మధ్యా ఇదే కథ. కంటికి కనిపించే భాగమే నిగనిగలాడుతుంటుంది! రాత్రి పిస్టల్‌ను అదే తడి తోలులో ఉంచడమంటే దాన్ని చుక్కలో పడుకోబెట్టడమే.

చాలామంది చెమట మీదే నూనె రాసేస్తారు. ఉప్పు నూనెలో కరగదు, స్పిరిట్‌లోనూ కరిగీ కరగనట్టే. మరక నూనె కింద భద్రంగా ఉండిపోతుంది. ఉప్పును తీసేది నీరే. తూటాలన్నీ తీసి, ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్లారా చూశాక, మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. తర్వాత పొడిగుడ్డ, బాగా ఆరనివ్వడం, అప్పుడు పల్చగా నూనె. ఎక్కువైతే దుమ్మును జిగురులా పట్టుకుంటుంది, కారి తూటా ప్రైమర్‌లోకి (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే అడుగు మందులోకి) దిగితే అది పేలకపోనూవచ్చు.

చల్లని కారు సంగతి పాఠకుడు అడగలేదు, అయినా చెబుతాను. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం అయితే మంచుబిందువు, అంటే గాలిలోని ఆవిరి నీరుగా పేరుకోవడం మొదలయ్యే వేడి, దాదాపు 26 డిగ్రీలు. ఏసీలో 22 డిగ్రీలకు చల్లబడిన పిస్టల్‌తో తలుపు తీసి దిగారంటే, నిమిషాల్లో ఉక్కు మీద సన్నని నీటి తెర పడుతుంది, గొట్టం లోపల కూడా. పైది చొక్కా అంచుతో తుడుచుకోవచ్చు. గొట్టంలోది అక్కడే ఉంటుంది.