భూమి గాదెలో వెచ్చదనం

చిట్టికీ, నానీకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో అక్క వాళ్ళ యూనివర్సిటీలో తవ్వకాలు చూపించింది కదా. చలికాలంలో భవనాలను వెచ్చగా ఉంచే బాయిలర్లు తీసేసి భూమిలోంచి వేడి తెచ్చుకుంటారట అనగానే చిట్టి అడిగింది: "అలా తోడేస్తే భూమి చల్లబడిపోదా తాతయ్యా?" రెండు రోజులుగా ఆ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది.

నా చిన్నప్పుడు తెల్లవారుజామున నూతి దగ్గరే స్నానం. చలికాలంలో చేద పైకి రాగానే నీళ్ళ మీంచి సన్నగా ఆవిరి లేచేది. కింద ఎవరో పొయ్యి రాజేశారనుకునేవాణ్ణి. ఎండాకాలంలో అవే నీళ్ళు ఒంటిమీద పడితే జిల్లుమనేది. మా సైన్సు మాస్టారు థర్మామీటరు చేతికిచ్చి, రెండు కాలాల్లోనూ చేదలో ముంచి చూడమన్నారు. పాదరసం దాదాపు ఒకే గీత దగ్గర ఆగింది! మారింది నీళ్ళు కాదు, నా చుట్టూ ఉన్న గాలి. భూమి లోపల ఏడాదంతా దాదాపు ఒకే వెచ్చదనమన్నమాట. పగిలిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఆ థర్మామీటరును రెండు చేతులా పట్టుకుని తిరిగిచ్చొచ్చాను.

ఇప్పుడు భూమిని పెద్ద గాదె అనుకోండి. ఎండాకాలంలో భవనాలను చల్లబరుస్తూ బయటికి తీసిన వేడిని పైపుల్లోని నీళ్ళు మోసుకెళ్ళి కింద రాతికీ మట్టికీ అప్పగిస్తాయి. అదే గాదె నింపడం. చలికాలంలో మళ్ళీ ఆ నీళ్ళే వేడిని పైకి తెస్తాయి. పాత పద్ధతిలో బాయిలర్ నుంచి ఆవిరి గొట్టాల్లో వెళ్ళేది. అది మరీ వేడిగా ఉండటంతో దారిలోనే చాలా వేడి పోయేది. గాదె కింద పందికొక్కులు చేరినట్టే! అందుకే ఆవిరి మానేసి, అంత మరగని వేడినీళ్ళు పంపుతారు. అక్క చూపించిన రోడ్ల తవ్వకం ఆ గొట్టాలు మార్చడానికే.

చిట్టి అన్నది నిజమే. నింపకుండా తీస్తూపోతే ఏడాదికేడాది అక్కడి నేల చల్లబడుతుంది. ఎంత పోస్తున్నాం, ఎంత తీస్తున్నాం అని ఇంజనీర్లు లెక్క చూసుకోవాల్సిందే. తీసుకున్నచోట తిరిగి పెట్టాలని మీ నాయనమ్మ డబ్బాల విషయంలో చెప్పేది కూడా ఇదే!

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ 2009లో ఈ పని మొదలుపెట్టింది. ఆ పైపులు దింపడానికి సుమారు 3,600 బోర్లు వేశారు, ఒక్కోటి 400 నుంచి 500 అడుగుల లోతు. నాలుగు బొగ్గు బాయిలర్లుండేవి. 2014లో బొగ్గు కాల్చడం ఆపేశారు. ఆ మాట చదివిన రోజు నాకెంత సంతోషమేసిందో! అయితే భూమిలోంచి వేడిని తెచ్చే యంత్రాలకు కరెంటు కావాలి. ఒక వంతు కరెంటుకు సుమారు మూడు వంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వేడి ఇస్తాయి. ఆ కరెంటు కూడా ఎండనుంచో గాలినుంచో వస్తేనే పని పూర్తయినట్టు.

భూమిలోని ఆ కొద్దిపాటి వెచ్చదనం గదిని వేడి చేసేంతగా ఎలా పెరుగుతుందని నానీ తప్పకుండా అడుగుతాడు. ఆ పని చేసేది హీట్ పంప్. దాని చెల్లెలు మీ వంటింట్లోనే ఉంది. నీళ్ళ సీసా ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి, కాసేపాగి ఫ్రిజ్ పక్కభాగం మీద అరచెయ్యి ఆనించి చూడండి. మీ చేతికి తగిలే వెచ్చదనంలో కొంత ఆ సీసాలోంచి వచ్చిందే. ఎలా ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య