పాత కాంటెస్సాను ఇంట్లో బాగు చేసుకోవడం: అపోహలు – వాస్తవాలు

నల్గొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎప్పుడూ ఏదో ఒక పాత కారు విప్పదీసి ఉంటుంది. ఎక్కువగా కాంటెస్సాలు, అప్పుడప్పుడు అంబాసిడర్ లేదా పద్మిని. మిర్యాలగూడ, దేవరకొండ, అటు జడ్చర్ల నుంచి కుర్రాళ్లు వస్తుంటారు. ఫోన్లో అమెరికా మజిల్ కార్ల (మామూలు కారులో పెద్ద ఇంజన్ పెట్టిన బండ్ల) వీడియోలు చూసి వచ్చినవాళ్లే ఎక్కువ. అందరి మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఏ ఇంజన్ పెట్టిస్తే మంచిగుంటది?" ఇంజన్ సంగతి ఆఖర్న చెబుతాను. దానికంటే ముందు రేకు, నీళ్లు, బ్రేకులు, వైర్లు ఉన్నాయి. డబ్బు మిగిలినా, తగలబడినా అక్కడే.

అపోహ: కాంటెస్సా అంటే మన దేశపు మజిల్ కారు.

చూపుకు మాత్రం అవును. పొడవాటి బానెట్, వెడల్పాటి ముఖం, వెనక చక్రాలకు వెళ్లే పవర్. హిందుస్థాన్ మోటార్స్ దీన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1984 నుంచి 2002 దాకా తయారు చేసింది. అసలు అచ్చు బ్రిటన్ వాక్స్‌హాల్ విక్టర్‌ది. వాక్స్‌హాల్ అప్పట్లో అమెరికా జనరల్ మోటార్స్ చేతిలో ఉండేది, అందుకే ఆ పోలిక వచ్చింది. లోపల మాత్రం మొదట్లో పెట్టింది అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనే, 50 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. మజిల్ కార్లకు మొదటిదని చాలామంది చెప్పే 1964 పాంటియాక్ జీటీఓలో 6.4 లీటర్ల వీ8 ఉండేది, కాగితం మీద 325 హార్స్‌పవర్. ఆ అంకెను కూడా మొత్తం నమ్మకండి. అప్పట్లో అక్కడ ఇంజన్‌ను బయటికి తీసి, సైలెన్సర్ లాంటివేవీ లేకుండా స్టాండ్ మీద కొలిచేవారు. 1972 నుంచి బండిలో ఉన్నట్టుగా కొలవడం మొదలయ్యాక అంకెలు బాగా తగ్గాయి.

తర్వాత కాంటెస్సాకు 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజన్, 5 గేర్లు వచ్చాయి. పవర్ 88 దాకా పెరిగింది. నన్నడిగితే, కొనేటప్పుడే ఆ బండి వెతుక్కోండి. సగం అప్‌గ్రేడ్ కంపెనీయే చేసిపెట్టింది, అదీ ఆర్‌సీలో ఎక్కించి మరీ.

అపోహ: మనకు సముద్రం లేదు, ఇక్కడి బండికి తుప్పు పట్టదు.

గాలి పొడిగా ఉంటుందన్నది నిజమే. కానీ తుప్పుకు సముద్రం అక్కర్లేదు, తడి ఆరకుండా ఒకచోట నిలిస్తే చాలు. తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ము, ఆకులు చేరి అవి మూసుకుపోతే ప్రతి వానాకాలం నీళ్లు లోపలే నిలుస్తాయి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో ఏళ్ల తరబడి నిలిపిన బండ్లలో ఈ రంధ్రాల నిండా ఊకే ఉంటుంది. ఊక తడిస్తే తొందరగా ఆరదు. ఇంకా చూడాల్సినవి: కార్పెట్ కింది ఫ్లోర్, డిక్కీలో స్టెప్నీ గుంత, ముందు అద్దం రబ్బరు కింద, యాసిడ్ కారిన బ్యాటరీ ట్రే. పైగా ఇప్పుడు నల్గొండలో ఉందంటే మొదట్నుంచీ ఇక్కడే ఉందని కాదు. వైజాగ్‌లోనో చెన్నైలోనో ఇరవై ఏళ్లు తిరిగి వచ్చి ఉండొచ్చు.

పైన రంగు మెరుస్తుంటే మోసపోవద్దు. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింది భాగాల్లో, చక్రాల పైన తిప్పండి. పట్టు వదిలిన చోట పుట్టీ మందంగా ఉన్నట్టే. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్ల దాకా పర్వాలేదు. అంతకు మించి ఉంటే కింద గుంతో, చిల్లో ఉంటుంది.

కాంటెస్సాకు లారీలా వేరే చాసిస్ లేదు, బాడీయే చాసిస్. బరువు మోసేది తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా సాగే పెట్టె లాంటి రేకు భాగం. అక్కడ తుప్పు తింటే బండి నడుం వంగుతుంది. తెలుసుకోవడం తేలికే. ఒక పక్క జాకీతో లేపి, ఆ పక్క తలుపులు తెరిచి మూయండి. మామూలుగా పడే తలుపు అప్పుడు తగులుతున్నా, గొళ్లెం కలవకపోయినా ఆ బండిని నేనైతే కొనను. కొనేసి ఉంటే, ఆ రేకు కోసే ముందు బాడీకి కింద నుంచి సమంగా ఆనింపు ఇచ్చి, తలుపులు బిగించి ఉంచే కోయండి. అన్నీ ఊడదీసి కోస్తే వంగిన నడుం వంగినట్టే వెల్డింగ్ అయిపోతుంది, ఆ తర్వాత ఏ టింకరింగ్ మేస్త్రీ తలుపు గ్యాప్ కుదర్చలేడు.

వెల్డింగ్ గురించి కూడా ఒక మాట. గేట్లు, గ్రిల్స్ చేసే ఆర్క్ వెల్డింగ్ ఈ రేకుకు పనికిరాదు. మిల్లీమీటరు మందం కూడా లేని చోట చిల్లులు పడతాయి. సీఓటూ వెల్డింగ్ (గ్యాస్ వదులుతూ సన్నటి తీగతో చేసేది) కావాలి. అదీ ఒక్క గీతగా లాగకూడదు, చుక్క ఇక్కడొకటి అక్కడొకటి వేస్తూ పోవాలి. వేడి ఒకేచోట చేరితే రేకు అలలు తిరుగుతుంది. మొదలుపెట్టే ముందు బ్యాటరీ విప్పండి, పెట్రోల్ ట్యాంకు దింపండి.

సర్ఫేసర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టిన బండిని వానలో నిలపొద్దు. అది తడి పీలుస్తుంది, పైన వేసే రంగు తర్వాత పొక్కులు తేలుతుంది.

అపోహ: నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, రేడియేటర్లు పాడయ్యేది దానివల్లే.

మనుషుల పళ్లు, ఎముకలు పాడుచేసిన ఫ్లోరైడ్‌కు ఈ నేరం కూడా అంటగడతారు. రేడియేటర్‌ను పూడ్చేది నీటి కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఇంట్లో హీటర్ రాడ్‌కు పట్టే తెల్లటి గట్టి పొర అదే. రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, ఇంజన్ బ్లాకు లోపలి గోడల మీద ఆ పొర పేరుకుంటే వేడి బయటికి వెళ్లదు. బోరు నీళ్లు అయినా, కుళాయిలో వచ్చే భగీరథ నీళ్లు అయినా రేడియేటర్‌లో పోయకండి. బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ చెరి సగం కలపండి. కూలెంట్ వల్ల నీళ్లు మరిగే స్థాయి పెరుగుతుంది, అంతకంటే ముఖ్యంగా పోత ఇనుము బ్లాకు లోపల తుప్పు పట్టకుండా ఆపుతుంది. ఇప్పటికే పూడిపోయిన రాగి రేడియేటర్ అయితే పారేయొద్దు. పైటాంకు విప్పి గొట్టాల్లో సన్నటి చువ్వలు దూర్చి శుభ్రం చేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

దీనికి తోడు ఇంకో అపోహ, మెకానిక్‌లే పెంచి పోషించేది: థర్మోస్టాట్ పీకేస్తే బండి వేడెక్కదు. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఈ సలహా వినసొంపుగా ఉంటుంది. థర్మోస్టాట్ పని ఇంజన్‌ను సరైన వేడికి తొందరగా చేర్చడం, అక్కడే నిలపడం. అది లేకపోతే ఇంజన్ చాలాసేపు చల్లగా తిరుగుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ గోడలు అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో అయితే వేడెక్కాక బైపాస్ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. దాన్ని పీకితే కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగి వెళ్తుంది. అలా వేడి తగ్గకపోగా పెరుగుతుంది. వంటింట్లో గిన్నెలో నీళ్లు మరిగిస్తూ థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి చూడండి. దానిమీద కొట్టిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటే అది బాగున్నట్టే. తప్పు వేరేచోట ఉంది: పూడిన రేడియేటర్, జారే ఫ్యాన్ బెల్టు, రబ్బరు చచ్చిన క్యాప్, వెనక్కి జరిగిపోయిన టైమింగ్ (ప్లగ్గు నిప్పు ఆలస్యంగా పడటం).

అపోహ: ఇథనాల్ కలిసిన ఈ20 పోస్తే పాత ఇంజన్ సీజ్ అవుతుంది, అంటే తిరగకుండా బిగుసుకుపోతుంది.

సీజ్ కాదు. దెబ్బ తగిలేది రబ్బరుకు. పాత పెట్రోల్ పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు మెత్తబడి, ఉబ్బి, చివరికి పగులుతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారడం చిన్న విషయం కాదు. ఇథనాల్‌ను తట్టుకునే విటాన్ రబ్బరు సామాను అడిగి వేయించండి. రెండోది, ఇథనాల్ తేమను లాగుతుంది. బండి నెలల తరబడి కదలకపోతే ఇనుప ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. మూడోది, ఇథనాల్‌కు గాలి తక్కువ చాలు, కాబట్టి పాత జెట్‌తో (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) మిశ్రమం పల్చబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి తడబడుతుంటే కార్బురేటర్ జెట్ ఒక సైజు పెంచి చూడొచ్చు. మైలేజీ కొంత తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

అపోహ: పవర్ పెట్రోల్ పోస్తే పికప్ పెరుగుతుంది.

కంప్రెషన్ తక్కువ ఉన్న ఈ ఇంజన్లకు ఎక్కువ ఆక్టేన్‌తో (ఒత్తిడికి పెట్రోల్ ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) పనిలేదు. ఆ డబ్బుతో మంచి ప్లగ్గులు కొనండి.

అపోహ: బోర్ చేయిస్తే కొత్త ఇంజనే.

లేత్ షాపులో సిలిండర్లకు ట్వెంటీ సైజు కొట్టించి (అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై మేర వెడల్పు చేయించి) కొత్త పిస్టన్లు వేస్తే పని అయిపోయిందనుకుంటారు. ముందు కొలవాలి. సిలిండర్ పైనా కిందా, అటూ ఇటూ గేజ్ పెట్టి చూడందే బోర్ అవసరమా, హోనింగ్ (గోడలను రాయితో సన్నగా రుద్దడం), రింగులతో సరిపోతుందా అన్నది తేలదు. ఒక్కసారి ఫార్టీ దాకా వెళ్లిన బ్లాకులో మళ్లీ కోయడానికి పెద్దగా మిగలదు. క్రాంక్, బేరింగులు, ఆయిల్ పంపు, హెడ్ వదిలేసి బోర్ ఒక్కటే చేయిస్తే పొగ ఆగుతుందేమో గానీ ఆయిల్ ప్రెషర్ రాదు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. వాల్వు సీట్లు అరగకుండా కాపాడింది ఆ సీసమే. అంతకుముందు తయారైన హెడ్ ఎలాగూ విప్పారు కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించడం మేలు.

అపోహ: ముందు పవర్ పెంచి, బ్రేకులు తర్వాత చూసుకోవచ్చు.

దీనికి వాదన అక్కర్లేదు. చాలా ఏళ్లు నిలిచిన బండిలో బ్రేకు సిలిండర్ రబ్బర్లు, హోస్ పైపులు అన్నీ మార్చాల్సిందే, బయటికి ఎంత బాగా కనిపించినా సరే. కడిగేటప్పుడు పెట్రోలో డీజిలో వాడకండి, బ్రేకు రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకు ఫ్లూయిడ్‌తోనే కడగాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టొద్దు, తడి గుడ్డతో తుడవండి. లైట్ల విషయంలోనూ ఇంతే. పెద్ద వాట్ల బల్బులు పెడితే పాత స్విచ్ కాలిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైరు లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెడితే కంపెనీ బల్బులే తెల్లగా వెలుగుతాయి.

అపోహ: ఇంట్లో చేసుకుంటే అంతా చవకే.

విప్పడం, కడగడం, తుప్పు గీకడం, వైరింగ్, బ్రేకులు, కార్బురేటర్, లోపలి సీట్ల పని ఇంట్లో చేసుకోవచ్చు, డబ్బు కచ్చితంగా మిగులుతుంది. లేత్ పని, రేడియేటర్, పెద్ద వెల్డింగ్ బయటికి పంపండి. రంగు ఇంట్లో వద్దే వద్దు. ఇప్పటి 2కే పెయింట్ (హార్డెనర్ కలిపి కొట్టే రంగు) హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. మూతికి కర్చీఫ్ కట్టుకుంటే అవి ఆగవు, ఊపిరితిత్తులకు ఆస్తమా తెచ్చిపెడతాయి. జాకీ కింద గ్రానైట్ ముక్కలు పేర్చి బండి కిందికి దూరే అలవాటు మన దగ్గర ఎక్కువ. రాయి హెచ్చరించకుండా పగులుతుంది. జాకీ స్టాండ్లు కొనండి.

సామాను కోసం హైదరాబాద్ రాణిగంజ్, అఫ్జల్‌గంజ్, అటు విజయవాడ ఆటోనగర్ తిరగాలి. హిందుస్థాన్ మోటార్స్ పాత సామాను అయితే కోల్‌కతా మల్లిక్ బజార్ పెద్ద దిక్కు. అంబాసిడర్ ఇంజన్ ఉన్న కాంటెస్సాకు ఇంజన్ సామాను కష్టం కాదు. కష్టమయ్యేవి అద్దాలు, లైట్లు, బీడింగులు. అందుకే అవి పూర్తిగా ఉన్న బండిని, ఇంజన్ చచ్చిపోయి ఉన్నా సరే, ముందు ఎంచుకోండి.

అపోహ: మన బండి, మన ఇష్టం. ఏ ఇంజన్ అయినా పెట్టుకోవచ్చు.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. స్కార్పియో ఇంజన్ పెట్టిన కాంటెస్సాకు రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఇంజన్ నంబరే. అదే రకం ఇంజన్ మార్చినా ఆర్‌టీఓ ఆఫీసులో ఎక్కించాలి. రంగు మార్చినా అంతే.

"పాతది కదా, వింటేజ్ నంబర్ తీసుకుంటా" అనేవాళ్లకు: 2021 నిబంధనల ప్రకారం ఆ రిజిస్ట్రేషన్‌కు బండి వయసు 50 ఏళ్లు దాటాలి, ఇంజన్, బాడీ అసలు రూపంలో ఉండాలి. మొట్టమొదటి కాంటెస్సాకు కూడా 2034 దాకా ఆ అర్హత రాదు. అలాగే పదిహేనేళ్లు దాటితే తుక్కే అన్నది ఢిల్లీ చుట్టుపక్కల పెట్రోల్ బండ్ల కథ. మన దగ్గర ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవచ్చు. రెన్యువల్ ఫీజు మాత్రం 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 అయింది, కొనే ముందే లెక్కలో వేసుకోండి.

మరి ఏ ఇంజన్ పెట్టాలి? అందులో ఉన్నదే, చక్కగా కొలిచి బిగించి, పాత పాయింట్ల (ప్లగ్గుల కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్) స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టి. ఏపీ 24 (నల్గొండ), ఏపీ 22 (మహబూబ్‌నగర్) నంబర్ బండి బేరం చేసేటప్పుడు బానెట్ ఎత్తగానే చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్‌సీతో పోల్చి చూడండి. ఒక్క అంకె కలవకపోయినా అడ్వాన్స్ ఇవ్వకండి.