పాల కవరూ, చిప్స్ పాకెట్టూ

బెంగళూరు మారతహళ్ళిలో మా పక్క ఫ్లాట్ ఒంగోలు అమ్మాయి మొన్న లిఫ్టు దగ్గర నిలదీసింది. "అన్నయ్యా, తడి చెత్త, పొడి చెత్త అంటూ రోజూ ఈ తిప్పలు పడుతున్నాం. నిజంగా ఏమన్నా ఒరుగుతుందా?" ఆమె చేతిలో కడిగిన పాల కవరు, ఖాళీ చిప్స్ పాకెట్ ఉన్నాయి.

పాల కవరు పాలిథిన్. కరిగిస్తే మళ్ళీ పాలిథిన్ గుళికలే వస్తాయి. చిప్స్ పాకెట్ అలా కాదు. ప్లాస్టిక్ పొరల మధ్య, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని అల్యూమినియం పూత ఉంటుంది. వాటిని విడదీసే ఖర్చు ఎవరికీ గిట్టదు. అయితే సిమెంటు బట్టీలో కాలాలి, లేదంటే చెత్త గుట్టలో పడాలి.

నాకు సరదా పుట్టించేది నీళ్ళ బాటిల్. అది పెట్ అనే ప్లాస్టిక్. వండిన సేమియాలా పొడవాటి పోగులు చిక్కుపడి ఉండటమే దాని బలం. సుమారు 260 డిగ్రీల దగ్గర కరిగించేటప్పుడు కాస్త తేమ ఉన్నా చాలు, పోగు ముక్కల్ని కలిపి ఉంచే ఎస్టర్ బంధంలో నీటి అణువు దూరి పోగును తెంపేస్తుంది. అందుకే ముందుగా తేమ పది లక్షల్లో 50 వంతులకు మించకుండా ఆరబెడతారు. పొరపాటున పీవీసీ ముక్క కలిసిందా, అది ఆ వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదిలి మిగతా పోగుల్నీ కొరికేస్తుంది. ఎంత జాగ్రత్తపడ్డా సేమియా కొంత విరుగుతుంది. అందుకే పాత బాటిళ్ళు ఎక్కువగా పాలిస్టర్ నూలుగా మారతాయి. నూలుకి పొట్టి పోగులైనా సరిపోతాయి. బళ్ళో మాత్రం బాణాల త్రికోణం కనిపిస్తే రీసైకిల్ అవుతుందని చెప్పేస్తారు. లోపలి అంకె ప్లాస్టిక్ రకం చెబుతుంది, అంతే.

అల్యూమినియానికి ఈ బాధ లేదు, దాని పరమాణువులకు ముసలితనం రాదు. కొత్తది కిలో తయారు చేయాలంటే విద్యుద్విశ్లేషణకే 14 యూనిట్ల దాకా కరెంటు కావాలి. పాత డబ్బా కరిగిస్తే దాదాపు 95 శాతం శక్తి మిగులుతుంది.

అయినా నన్నడిగితే అసలు లాభం తడి చెత్త దగ్గరే. గాలి ఆడని గుట్టలో పప్పన్నం కుళ్ళితే మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడి పెంచుతుంది. బెంగళూరు చెత్త మోసిన మండూరు ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితేగానీ 2014 చివర్లో లారీలు ఆగలేదు. మా అత్తయ్య దీపాలు పెట్టాక చెత్త బయట పెట్టనివ్వరు, లక్ష్మి వెళ్ళిపోతుందని. సరే, కానీ ఆ రాత్రంతా ఒకే బుట్టలో సాంబారు న్యూస్‌పేపర్లలోకి ఇంకిపోతే పొద్దున పాత పేపర్లాయన కూడా వాటిని ముట్టుకోడు.

ఇంకోమాట: పాల కవరు మూల పూర్తిగా కత్తిరించకండి. ఆ చిటికెడు ముక్కని ఏరేవాళ్ళుండరు.