అరుదైన వేడర్ల నమోదు: ఆమోదం రాకపోతే అబద్ధమన్నట్టేనా?

తమ సాధారణ పరిధికి ఆవల కనిపించిన వేడర్ల (బురదనేలల్లో, నీటి అంచుల్లో మేసే పక్షుల) నమోదులను పరిశీలించే పనిలో నాకు అందే ఉత్తరాల్లో ఒక మాట తరచుగా ఉంటుంది: "నా కళ్ళతో చూశానంటే మీరు నమ్మలేదు." ఈ వారం కూడా అలాంటి ఉత్తరం ఒకటి వచ్చింది. రాసిన వ్యక్తి కోపం వెనుక ఉన్న బాధ నాకు అర్థమైంది కనుక, ఈ విషయాన్ని వివరంగా చెప్పాలనిపించింది.

ఆమోదం రాలేదంటే తమను అబద్ధాలకోరులని తేల్చినట్టేనన్న అపోహ వల్ల జరిగే నష్టం ఇంకే అపోహ వల్లా జరగదు. మీరు చూసిన పక్షి మీరు చెప్పినదే అయి ఉండవచ్చు. అయితే పెక్టోరల్ శాండ్‌పైపర్ అనే వేడర్‌ను చూశానని మీరు రాసినప్పుడు, అది దానిలాగే కనిపించే రఫ్ గానీ, షార్ప్‌టెయిల్డ్ శాండ్‌పైపర్ గానీ, లాంగ్‌టోడ్ స్టింట్ గానీ కాదని చెప్పే లక్షణం మీ వివరణలో ఎక్కడుందని మేము వెతుకుతాం. అది దొరకకపోతే ఆధారం చాలలేదని రాస్తాం. మీ నిజాయితీ గురించి అందులో ఒక్క అక్షరమూ ఉండదు. పరిశీలకులు తాము చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో సైతం నిర్ధారణ కాని నమోదు మీ సొంత జాబితాలో యథాతథంగా నిలిచే ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక కొత్త పరిశీలకురాలు పెక్టోరల్ శాండ్‌పైపర్‌ను చూశానని పంపారు. పసుపు ఛాయ ఉన్న కాళ్ళు, గీతలున్న రొమ్ము అని రాశారు గానీ, ఆ గీతలు తెల్లటి పొట్ట దగ్గర గీత గీసినట్టు ఆగిపోయాయా, క్రమంగా పలచబడ్డాయా అన్నది రాయలేదు. అసలు కీలకం అదే. నేను ఆ సంగతి అడగకుండా "నిర్ధారణకు చాలదు" అని ఒక్క ముక్కలో జవాబిచ్చాను. ఆమె నొచ్చుకుని ఆ రోజు జాబితా మొత్తం తొలగించారు. రెండు నెలల తర్వాత మరొకరు అదే మడుగులో, ఆమె చూసిన నాలుగు రోజులకు తీసిన స్పష్టమైన ఫొటోలు పంపారు. ఆమె నమోదు ఉండి ఉంటే ఆ ఫొటోల బలంతో దానికీ ఆమోదం దొరికేది, పక్షి వచ్చిన తేదీ నాలుగు రోజులు ముందటిదిగా నమోదయ్యేది. ఆ తర్వాత నేను ఏ నమోదునూ కారణం చెప్పకుండా పక్కన పెట్టలేదు.

చేయి తిరిగిన పరిశీలకులకూ ఇది తప్పదు. 1998 మే నెలలో ఇంగ్లండ్‌లోని డ్రూరిడ్జ్ బే వద్ద కనిపించిన ఒక కర్లూను (వంపు తిరిగిన పొడవాటి ముక్కున్న వేడర్‌ను) ఎందరో అనుభవజ్ఞులు చూసి, అత్యంత అరుదైన స్లెండర్‌బిల్డ్ కర్లూ అన్నారు. ఆ నమోదుకు మొదట ఆమోదం లభించింది. ఏళ్ళ తర్వాత జరిగిన పునఃపరిశీలనలో ఆధారం నిలవక బ్రిటన్ పక్షుల జాబితా నుంచి తీసేశారు. చూసినవారిని ఎవరూ అబద్ధాలకోరులనలేదు. ఆ జాతికి వివాదం లేని చివరి నమోదు 1995లో మొరాకోలోని మెర్జా జెర్గాలో జరిగింది, 2025లో అది అంతరించినట్టు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించింది. చివరిసారి ఎప్పుడు కనిపించిందన్నదే ప్రశ్న అయిన జాతి విషయంలో ఒక్క బలహీనమైన నమోదు కూడా లెక్కను తప్పుదారి పట్టిస్తుంది.

ఫొటో ఉంటే రాతతో పనిలేదన్న నమ్మకం రెండవ అపోహ. రెడ్‌నెక్డ్ స్టింట్ అనే చిన్న వేడర్ ముక్కు కొనకు బురద ముద్ద అంటుకుంటే, ఫొటోలో అది తెడ్డులాంటి ముక్కున్న స్పూన్‌బిల్డ్ శాండ్‌పైపర్ అయిపోతుంది. నిజమైన స్పూన్‌బిల్డ్ పక్కకు తిరిగి నిలబడితే ఆ తెడ్డు ఆకారం కనబడకపోవచ్చు. పొడవాటి లెన్స్ వెనకనున్న పక్షిని పెద్దదిగా చూపిస్తుంది, బురద కాళ్ళ రంగును కప్పేస్తుంది. కూత, ఎగిరినప్పుడు రెక్కపై పట్టీ, మేసే తీరు ఒక్క ఫొటోలో దొరకవు.

మిగతా అపోహలకు ఇంత చర్చ అక్కర్లేదు. "అంత దూరం ఎలా వస్తుంది?" అనేవారికి, 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరిన అయిదు నెలల వయసున్న బార్‌టెయిల్డ్ గాడ్విట్ అనే వేడర్ చాలు. "నిపుణుడే చెప్పాడు" అనేవారికి, 1982లో కొత్త జాతిగా వర్ణితమై, తర్వాత డీఎన్ఏ పరీక్షలో పెక్టోరల్, కర్లూ శాండ్‌పైపర్ల సంకరమని తేలిన కాక్స్ శాండ్‌పైపర్ ఉంది. పక్షులను గుర్తించే యాప్ సూచించిన పేరు ఆధారం కాదు, వెతకడానికి ఒక దారి మాత్రమే.

గైడు పుస్తకం తెరవకముందే, పక్షి ఎదుట ఉండగానే రాసుకోండి. వెలుతురు ఎటునుంచి పడుతోందో, పక్కన ఏ పక్షి ఉందో, దానితో పోలిస్తే ఇది ఎంత ఉందో రాయండి. కనబడనిదాన్ని కనబడలేదనే రాయండి; "రెక్క అడుగుభాగం చూడలేదు" అన్న వాక్యం చూస్తే మిగతా వివరణ మీద నాకు నమ్మకం పెరుగుతుంది.

ఈ వారం ఉత్తరం రాసిన వ్యక్తికి రెండు ప్రశ్నలు పంపాను: పక్షి ఎగిరినప్పుడు నడుము పైభాగంలో తెలుపు కనబడిందా, వీపు ఈకల అంచులు కొత్తగా ఉన్నాయా అరిగాయా? జాబితా మాత్రం తొలగించవద్దని వేరుగా అడిగాను.