చెవిలో హోరు: ‘అలవాటు చేసుకోండి’ అనేస్తే సరిపోదు

నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది చెవి సంగతి తర్వాత చెబుతారు. ముందు ఈ మాట అంటారు: “దీనికి మందు లేదటండీ, అలవాటు చేసుకోమన్నారు.” వినికిడి సమస్యలు చూసే ఆడియాలజిస్టుగా ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: టిన్నిటస్‌కు, అంటే చెవిలో హోరుకు, ఎవరూ ఏమీ చేయలేరు.

ఇది సగమే నిజం. హోరును ఆపేసే మాత్ర ఇప్పటికైతే లేదు. 2014లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా జింక్, జింకో (ఒక చెట్టు ఆకుల సారం) లాంటివి సిఫారసు చేయొద్దనే చెప్పాయి. అయితే అవే మార్గదర్శకాలు వినికిడి పరీక్ష చేయించమని, లోపం ఉంటే వినికిడి యంత్రం ప్రయత్నించమని, బాధ ఎక్కువగా ఉంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచించే, స్పందించే తీరును మార్చుకోవడం నేర్పే చికిత్స) సూచించమని చెప్పాయి. రోగి చెవిన పడనిది ఈ రెండో సగమే.

హోరు ఎంత గట్టిగా ఉందో యంత్రంలోని శబ్దంతో పోల్చి కొలుస్తాం. హోరుకు సరిపోలే ఆ స్వరంలో ఆ మనిషికి వినబడే కనీస శబ్దం కంటే అది చాలామందిలో 10 డెసిబెళ్లు కూడా ఎక్కువుండదు. తలలో ఫ్యాక్టరీ సైరన్ మోగుతోందన్నవాళ్లు ఈ అంకె చూసి నమ్మరు. అలాగని వాళ్లు అబద్ధమాడటం లేదు. ఒకే కొలత వచ్చిన ఇద్దరిలో ఒకరు హాయిగా నిద్రపోతారు, మరొకరికి కంటి మీద కునుకుండదు. మెదడు ఆ శబ్దాన్ని ప్రమాద సూచనగా తీసుకుందా, పనికిరానిదని వదిలేసిందా అన్నదే అసలు తేడా. అందుకే డెసిబెళ్లతో ఆగకుండా నిద్ర, ఏకాగ్రత, చిరాకు గురించి 25 ప్రశ్నల పట్టిక కూడా నింపమంటాం. థెరపీ తగ్గించేది ముఖ్యంగా ఆ బాధనే. హోరు ఉంటుంది, దాని మీద ధ్యాస ఉండదు.

అపోహ: శబ్దం చెవిలోంచే వస్తోంది.

మొదలు చాలాసార్లు చెవిలోనే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టవు. అక్కడి నుంచి కబురు తగ్గేసరికి, స్టేషన్ సరిగా అందని రేడియోకి వాల్యూమ్ పెంచినట్టు మెదడు తన సున్నితత్వాన్ని పెంచుతుంది. అప్పుడు వినిపించే గరగరే హోరు. మామూలు వినికిడి ఉన్న 18 మందికి ఒక చెవిలో వారం పాటు ప్లగ్ పెట్టి చూస్తే 14 మందికి లేని శబ్దాలు వినిపించాయి. ప్లగ్ తీసేశాక అవీ పోయాయి. శ్రవణ నాడిని కోసేసినా హోరు వదలనివాళ్లున్నారు.

అపోహ: నిశ్శబ్దంగా ఉంటే తగ్గుతుంది.

సరిగ్గా తలకిందుల సలహా. 1953లో మంచి వినికిడి ఉన్న 80 మందిని సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపిస్తోందన్నారు. పగలు లేని మోత రాత్రి పడుకోగానే విజృంభించేదీ ఇందుకే. వాన చప్పుడో, ఫ్యాన్ శబ్దమో సన్నగా పెట్టుకోండి. హోరును పూర్తిగా ముంచేసేంత వద్దు. రెండూ వినబడాలి, అప్పుడే మెదడు దాన్ని పట్టించుకోకుండా ఉండటం నేర్చుకుంటుంది. చెవుల్లో దూది కుక్కుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు. పెద్ద మోతలున్న చోట రక్షణ కావాలి గానీ ఇంట్లో అవసరం లేదు.

అపోహ: ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) నార్మల్ అంటే అంతా భ్రమే.

మామూలు పరీక్ష 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకే చూస్తుంది. దానికి పైన లోపం ఉండొచ్చు.

అపోహ: ఏ హోరైనా నాలుగు నెలలు ఆగి చూడొచ్చు.

గుండె లయతో పాటు టపటపమని కొట్టుకునే శబ్దం, ఒక్క చెవిలోనే ఉండే హోరు ఈఎన్‌టీ డాక్టరు చూడాల్సినవి. స్కానింగ్ అవసరం పడొచ్చు. హోరుతో పాటు ఉన్నట్టుండి ఒక చెవి వినబడటం మానేస్తే అది అత్యవసరం. స్టెరాయిడ్లు పనిచేసే అవకాశం ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, ఎంత త్వరగా వెళితే అంత మంచిది. జలుబు వల్ల చెవి మూసుకుపోయిందనుకుని ఆ రోజులు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఒక్కోసారి ఇదంతా ఏమీ కాదు, గులిమి అడ్డుపడి ఉంటుంది. తీస్తే హోరు పోతుంది. అయితే పుల్లలతో, బడ్స్‌తో మీరే తవ్వుకోకండి. దాన్ని ఇంకా లోపలికి నెడతారు, ఆ తర్వాత తీయడం మాకూ కష్టమే.