వేప, ఇప్ప, పొగాకు: డెల్టా నీళ్లలో పరీక్షకు నిలవాల్సిన మందులు

భీమవరం, ఆకివీడు వైపు చెరువు ఎండగట్టడం కుదరకపోతే, చేపపిల్ల వదిలే ముందు, లోపల మిగిలిన అక్కర్లేని చేపల్ని చంపడానికి ఇప్పపిండి వేస్తారు. హెక్టారుకు దాదాపు 2,500 కిలోలు. రాత్రి నానబెట్టి పొద్దున్నే చెరువంతా చల్లుతారు. కాసేపటికి కొర్రమీనులు, జెల్లలు నోళ్లు తెరుచుకుని పైకి తేలి గట్టువైపు కొట్టుకొస్తాయి. ఇప్పపిండి అంటే ఇప్పగింజల్లోంచి నూనె తీయగా మిగిలిన చెక్కే. అందులోని సపోనిన్ అనే విషపదార్థం మొప్పల గుండా లోపలికి వెళ్లి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. రొయ్యల చెరువులో టీ సీడ్ కేక్ (తేయాకు జాతి గింజల చెక్క) చేసే పనీ అదే. చేపలు చస్తాయి, రొయ్యలు బతుకుతాయి. రొయ్య రక్తంలో ఆ ఎర్రకణాలు ఉండవు.

"చెట్టు మందేగా, ఏం కాదులే" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ చెరువే గుర్తొస్తుంది.

పురుగుమందుల పరీక్షల చట్టం మనకు ఒక విషాదం తర్వాతే వచ్చింది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయారు. 1968లో కీటకనాశినుల చట్టం చేశారు. రిజిస్ట్రేషన్ కావాలంటే ఎలుకల మీదే కాదు, చేపలు, పక్షులు, తేనెటీగలు, వానపాముల మీద కూడా ఆ మందు ప్రభావం చూపించాలి. సీసాలో అమ్మే వేపమందులూ ఈ దారినే వస్తాయి.

మన దగ్గర వేప కథ పాతదే. 1947లో రాజమండ్రిలో పెట్టిన పొగాకు పరిశోధన సంస్థ, నారుమళ్లలో లద్దెపురుగు మీద వేపగింజల కషాయం పనిచేస్తుందని చూపింది. వేపగింజలోని అజాడిరాక్టిన్ పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. అయితే కుబుసం విడిచే హార్మోన్ రొయ్యకూ పీతకూ కూడా ఆ కోవదే. కాబట్టి చేప మీద ఒక్కటే పరీక్షిస్తే చాలదు. పొగాకు సంగతి మరీ స్పష్టం. పొగాకులోని నికోటిన్‌తో చేసే మందు నికోటిన్ సల్ఫేట్ వాడకాన్ని దేశంలో 1992లోనే నిషేధించారు.

అదే పొగాకు, ప్రకృతి సేద్యంలో పురుగుల మీద చల్లే అగ్నిఅస్త్రం అనే కషాయంలో ఉంది. ప్రకృతి సేద్యం ఊపందుకున్నాక ఇంట్లో కాచే కషాయాలు పెరిగాయి. వాటికి లేబుల్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఆకు ముదురును బట్టి, కాచిన సేపును బట్టి ఘాటు మారుతుంది. రసాయనాల బెడద తగ్గించాలనే రైతు తపన నిజమైనది, నేను దాన్ని గౌరవిస్తాను. ఆ తపనకు తోడుగా ఎవరైనా కొలిచి చెప్పాలి కదా!

ఇక్కడ చేలో నీళ్లు చేలోనే ఉండవు. మురుగు కాలువలో పడి చెరువులకు, కొల్లేటికి చేరతాయి. వరిని పీల్చే సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ఆ చేలోనే ఉంటాయి. కోత అయ్యాక బాతుల మందలూ దిగుతాయి. 1925 నుంచి వరి మీద పనిచేస్తున్న మార్టేరు కేంద్రం లాంటి చోట ఈ కషాయాలను కొర్రమీను పిల్లల మీద, నత్తల మీద, సాలీళ్ల మీద పరీక్షించాలి. ఎకరాకు ఎంత చల్లాలో, చల్లాక ఎన్నాళ్లు మడిలో నీళ్లు కట్టి ఉంచాలో రైతుకు తెలుగులో రాసివ్వాలి.